పద్దు కుదరని డెబ్బై సెంట్లు

ఆనందపురం జంక్షన్లో నా కొట్టు.
తలుపు తీస్తే ముందు మందుల వాసన బయటికొస్తుంది,
తర్వాత నేను.
ఇరవై రెండేళ్లుగా మా ఆవిడ నా చొక్కాల్ని
వేరే బకెట్లో నానబెడుతుంది.

దాలమ్మ పేరు మీద పుస్తకంలో
నాలుగువేల మూడొందలు.
రెండు బస్తాల యూరియా, ఒక డీఏపీ,
వంకాయ పురుగుకి మందు డబ్బాలు మూడు.
పురుగు చావలేదని ఆమె,
కొట్టిన వేళ మంచిది కాదని నేను.
ఆ తర్వాత ఆమె కొట్టు గుమ్మం ఎక్కలేదు,
మూడేళ్లు.

రాని మనిషి మీద రెండే అనుమానాలు మాకు:
పక్క కొట్టుకి మరిగింది, లేదా పొలం అమ్మేసింది.
పద్మనాభం దారిలో అటూ ఇటూ
లేఅవుట్ రాళ్లు, కొత్తగా కట్టించుకున్న పళ్లలా.
అమ్మేసే ఉంటుందనుకుంటూ మోపెడ్ ఆపాను.

అమ్మలేదు.
డెబ్బై సెంట్లు అలాగే ఉంది. అలాగే అంటే, అలాగ కాదు.
నడిమధ్య ఒక చెరువు.
చెరువంటే నవ్వుతారు, మా గోడౌనంత గొయ్యి.
దాని మీద వెదురుకాళ్ల కోళ్లగూడు.
రాత్రంతా కోళ్లు
కింద చేపలకి వడ్డిస్తాయట.
"చేపలకి సిగ్గేటి బాబూ,
పైనుంచి ఏటి పడినా పరమాన్నమే."

అలవాటుగా పుస్తకం తీశాను.
పెట్టుబడి ఎడమ, రాబడి కుడి.
చేపల నీళ్లు అరటికి.
అరటి బోదె ఆవుకి.
ఆవు పేడ డ్రమ్ములోకి, బెల్లం, శనగపిండి,
గట్టు కింద గుప్పెడు మట్టితో.
డ్రమ్ములోది వరికి, వంగకి,
కొట్టం కడిగిన నీళ్లు అజొల్లా తొట్టిలోకి,
అజొల్లా బాతులకి,
బాతులు వరిమడిలోకి, కలుపు మీదికి,
వరిగడ్డి మళ్లీ ఆవు ముందుకే.
ఎత్తిన పెన్ను దించే చోటే లేదు.
పేడని ఎడమ రాయాలా, కుడి రాయాలా?
బాతు కూలీయా, సరుకా?

"మొదటేడు ఎలా ఉంది?" అడిగాను, కొంచెం ఆశగానే.
"మొదటేడు ఊరంతా నవ్వీసినారు."
వంగ సగం పోయిందట.
పదహారు బాతుల్లో తొమ్మిదింటిని నక్క ఎత్తుకుపోయిందట.
సరుగుడు తోటల్లో కొట్టుడు కూలికెళ్లి
ఆవుకి తవుడు కొన్నాదట.
ఇదంతా చెబుతున్నంతసేపూ
చేతులు ఆగలేదు,
కర్ర డ్రమ్ములో తిరుగుతూనే ఉంది,
కుడివైపుకే.

తెల్లారగట్ల బస్సులో ఎంవీపీ రైతుబజారుకి
తోటకూర, గుడ్లు; ఆదివారమైతే చేపలు.
"ఒకప్పుడు ఆకుకి చిల్లుంటే తిట్టీవోలు.
ఇప్పుడు చిల్లు నేకపోతే అనుమానిస్తన్నారు.
నానేటి సెయ్యను,
పురుగుని బతిమాలతానేటి, తిని పోమ్మాని?"

బాకీ మాట నేను ఎత్తలేదు.
నిజానికి ఎత్తబోయాను, గొంతు దాకా రాలేదు.
ఆమే లోపలికెళ్లి
మెంతుల డబ్బాలోంచి నాలుగువేలు తెచ్చింది.
మిగతా మూడొందలకి బాతుగుడ్లు, ఒక అరటిగెల.
"లెక్కెట్టుకో. తరవాత తగ్గినాయనకు."

దూడ దగ్గరికొచ్చి
నా చొక్కా వాసన చూసి
ముక్కు చీది వెనక్కి పోయింది.
మా ఆవిడ గుర్తొచ్చింది.

మోపెడ్ తిప్పుతుంటే కేకేసింది:
"బాబూ! నీ కొట్లో నాకు పనికొచ్చింది ఒకటుంది.
ఖాళీ సంచులు.
నాలుగు నీళ్లకి ఉతికి, మట్టి పోసి,
గట్టు జారకుండా పేర్సుకుంతాను."

ఖాళీ సంచులు.
ఈ ఏడు కొట్టు నిండా సంచులే,
ఖాళీ కానివి.
ఆ సంగతి చెప్పకుండా, పంపిస్తాలే అన్నాను.
గుడ్లు పగలకుండా
లేఅవుట్ రాళ్ల మధ్య నెమ్మదిగా నడిపాను,
వెనకసీటు మీద
గెల బరువుకి నలుగుతూ
పుస్తకం.